ఎండాకాలం సెలవుల్లో ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ పని: ఒప్పుకోవాలా, వద్దా?

ప్రశ్న: అక్కా, మాది హిందూపురం. బెంగళూరులో ఐదేళ్ల లా కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ ప్రొఫెసర్ ఒకరు ఆంధ్ర, కర్ణాటక భూమి రికార్డుల మీద పేపర్ రాస్తున్నారు. ఈ సెలవుల్లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేస్తావా అని అడిగారు. నెలకు 8,000 ఇప్పించడానికి ప్రయత్నిస్తానన్నారు కానీ గట్టిగా చెప్పలేదు. మా పీజీకే నెలకు 9,500 అవుతుంది. క్లాసులో చాలామంది లా ఫర్ముల్లో ఇంటర్న్‌షిప్‌ల కోసం మెయిళ్లు పెడుతున్నారు. నాన్నేమో మన ఊళ్లో తెలిసిన వకీలు దగ్గర కూర్చో, నాలుగు కేసులు చూస్తావు అంటున్నారు. అమెరికాలో లా చదివే మా పెద్దమ్మ కొడుకు మాత్రం ప్రొఫెసర్ పిలిస్తే వదులుకోవద్దు అంటున్నాడు. పేపర్‌లో నా పేరు వేస్తారా అని సార్‌ని అడగొచ్చా? ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (పేరు వేయొద్దు)

జవాబు:

చెల్లీ, ఒప్పుకో. కానీ ‘ఓకే సార్’ అని మెయిల్ కొట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకో: నువ్వు రాసి ఇచ్చిన నోట్‌ని ఆయన చదివి, ఎక్కడ తప్పిందో గుర్తుపెట్టి, తిరిగి నీ చేతికి ఇస్తారా లేదా. డబ్బు, పేరు కూడా ముఖ్యమే, వాటి గురించీ చెబుతాను, కానీ ఈ రెండు నెలలు నీకు పనికొస్తాయా లేదా అన్నది ముందు దీని మీదే ఆధారపడి ఉంది. రెండో సంవత్సరంలో నీకు బాగా కరువైంది నీ రాతను దిద్దే మనిషి. క్లాసులో ప్రాజెక్టు సబ్మిట్ చేస్తే మార్కులు వస్తాయి, అంతే, నీ మూడో పేరాలో వాదన ఎందుకు నిలబడలేదో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. లా ఫర్ముకు వెళ్తే అక్కడి అసోసియేట్‌కి రాత్రికల్లా సమాధానం కావాలి, నీ నోట్ సరిగ్గా లేకపోతే తనే మళ్లీ రాసుకుని క్లయింట్‌కి పంపేస్తాడు, నీకు చెప్పే తీరిక అతనికి ఉండదు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, వాళ్ల పని అలాంటిది. సెలవుల్లో ప్రొఫెసర్‌కి క్లాసులు ఉండవు కాబట్టి, ఆయనకు మనసుంటే, నీకు ఆ టైం దొరుకుతుంది.

మనసుందో లేదో ఎలా తెలుస్తుంది అంటావా? ఆయన దగ్గర ఇంతకు ముందు చేసిన సీనియర్లను అడుగు. సార్ మంచివారా అని అడగొద్దు, అందరూ అవుననే అంటారు. వారానికి ఎన్నిసార్లు కలిసేవారు, ఇచ్చిన డ్రాఫ్ట్ దిద్ది వెనక్కి వచ్చేదా, చెప్పిన డబ్బు చెప్పిన నెలలో పడిందా, పేపర్ అచ్చయ్యాక అందులో మీ పేరు ఎక్కడైనా ఉందా, ఇవి అడుగు. ఇద్దరు సీనియర్లు ఒకే మాట చెబితే నీకు సమాధానం దొరికినట్టే. దిద్దే అలవాటు లేని మనిషి అని తేలితే మర్యాదగా వద్దని చెప్పేయ్, నేను ఒప్పుకోమన్నానని ఒప్పుకోవద్దు.

మీ పెద్దమ్మ కొడుకు చెప్పింది వాళ్ల దేశానికి నిజం. అక్కడ డిగ్రీ అయ్యాక మూడేళ్ల లా స్కూలు, పెద్ద ఫర్ములు ఎక్కువగా రెండో వేసవి కోసమే విద్యార్థులను తీసుకుంటాయి, అందుకే మొదటి వేసవిలో చాలామంది ప్రొఫెసర్ల దగ్గర చేరతారు, సాధారణంగా గంటల లెక్కన డబ్బు కూడా ఇస్తారు. మనకు ఐదేళ్ల కోర్సు, ఇక్కడి లెక్క వేరు, పైగా బార్ కౌన్సిల్ రూల్ ఒకటి ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ముందు పని ఎలా ఉంటుందో చెప్పనీ, ఎందుకంటే రీసెర్చ్ అనే పేరు విని చాలామంది ఏదో పెద్ద సిద్ధాంతం మీద చర్చించుకుంటూ కూర్చుంటారని అనుకుంటారు. నూటికి తొంభై పాళ్లు వెతకడం, సరిచూడడం. ప్రొఫెసర్ ఒక వాక్యం రాస్తారు, ‘సుప్రీంకోర్టు ఇలా అన్నది’ అని. నిజంగా అన్నదా, ఏ పేరాలో అన్నది, మెజారిటీ తీర్పులోనా, విభేదించిన జడ్జి తీర్పులోనా, ఆ తర్వాత ఏ పెద్ద బెంచ్ అయినా దాన్ని కొట్టేసిందా, ఇవన్నీ తేల్చాల్సింది నువ్వు. రాజ్యాంగ సవరణలకు హద్దు పెట్టిన 1973 నాటి కేశవానంద భారతి కేసే తీసుకో, 13 మంది జడ్జీలు కూర్చుని 7-6తో తేల్చారు, విడివిడిగా 11 తీర్పులు రాశారు. అందులో ‘కోర్టు అన్నది’ అని ఒక్క ముక్క రాయాలంటే ఏడుగురూ ఏ విషయంలో కలిశారో చదివి తీరాలి. ఎమర్జెన్సీ కాలపు ఏడీఎం జబల్‌పూర్ తీర్పు 1976లో వస్తే దాన్ని సుప్రీంకోర్టు నేరుగా కొట్టేసింది 2017లో, గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి కేసులో. ఆ పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరయ్యి ఈ బెంగళూరులోనే ఉండేవారు, ఎనభై దాటిన వయసులో ఆధార్ మీద కోర్టుకెళ్లారు. ఆ కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఆరు తీర్పులు రాశారు, అందులో ఒకటి మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ గారిది. ఆరూ మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు మీ క్లాసులో ఎంతమంది ఉంటారు? ఈ పనిలో దిగితే చదవక తప్పదు. అలా ఒక్కసారి చదివితే, తర్వాత ఎవరైనా తీర్పు పేరు చెప్పగానే ‘ఏ పేరా’ అని అడగడం నీకు అలవాటైపోతుంది, కోర్టులో నిలబడే వకీలుకి అంతకంటే పెద్ద ఆస్తి లేదని నా నమ్మకం.

తీర్పు పైన ఇచ్చే సారాంశాన్ని, అంటే హెడ్‌నోట్‌ని, చదివి తీర్పు చదివేశానని అనుకోవద్దు. హెడ్‌నోట్ రాసేది పత్రిక ఎడిటర్, జడ్జి కాదు. ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లో వెతకడం తప్పేమీ కాదు, అందరం అక్కడే మొదలుపెడతాం, కానీ పేపర్‌లో ఉదహరించేముందు అసలు రిపోర్టుతో సరిచూసుకో. సుప్రీంకోర్టు 2023 నుంచి తన తీర్పుల రిపోర్టును ఆన్‌లైన్లో ఉచితంగా ఇస్తోంది. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటి తీర్పుల డేటాబేస్‌లు సెలవుల్లో హాస్టల్ నుంచో ఇంటి నుంచో తెరుచుకుంటాయా లేదా మీ లైబ్రేరియన్‌ని ఇప్పుడే అడుగు, ఏప్రిల్ చివర్లో అడిగితే ఆయన సెలవు మీద ఉంటారు. జోటెరో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మొదటి రోజు నుంచే ప్రతి పుస్తకాన్నీ, తీర్పునూ అందులో పెట్టుకో. ఏ తేదీన, ఎక్కడ, ఏ మాటలతో వెతికావో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. దొరకనివి కూడా రాయి. ‘ఇలాంటి తీర్పు లేదు’ అని ప్రొఫెసర్‌కి చెప్పాలంటే ఎక్కడెక్కడ వెతికితే దొరకలేదో చూపించగలగాలి కదా.

ఏఐ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. దాని చేత తీర్పులు వెతికించి అలాగే ఎక్కించే పని మాత్రం చేయకు. న్యూయార్క్‌లో 2023లో ఇద్దరు వకీళ్లు, వాళ్ల ఆఫీసు, చాట్‌జీపీటీ పుట్టించిన లేని కేసులను కోర్టు ముందు పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. అంత దూరం ఎందుకు, ఇదే బెంగళూరులో ఒక సివిల్ కోర్టు ఉత్తర్వులో అసలు లేని సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయని 2025లో కర్ణాటక హైకోర్టు తీవ్రంగా మందలించింది. నువ్వు ఇచ్చిన సైటేషన్ తప్పయితే పోయేది ప్రొఫెసర్ పరువు, ఆయన ఇక జన్మలో నిన్ను నమ్మరు. ఏఐ ఎంతవరకు వాడొచ్చో మొదటి రోజే ఆయన్నే అడుగు, ఆయన డ్రాఫ్ట్‌ని మాత్రం అడగకుండా అందులో పెట్టొద్దు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నువ్వు దాటేసి వెళ్లిపోయిన విషయం. ఆంధ్ర, కర్ణాటక భూమి రికార్డులు అన్నావు. ఈ పనికి మీ కాలేజీలో నీకంటే సరిపోయేవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పు? అడంగల్, 1బి, పట్టాదారు పాసు పుస్తకం లాంటి భూమి కాగితాలు చిన్నప్పటి నుంచి ఇంట్లో బీరువాలో చూసినదానివి. హిందూపురం వాళ్లకు కన్నడ కొత్త కాదు, కర్ణాటకలో అడంగల్ లాంటిదైన పహణీ చదవడం నెల రోజుల్లో పట్టేస్తావు. 1971 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ఇంగ్లిష్‌లో ఎవరైనా చదువుతారు, కానీ తహసీల్దార్ తెలుగులో రాసిన ఎండార్స్‌మెంట్ చదివి అందులో ఏం తిరకాసు ఉందో చెప్పగలిగేది నీలాంటివాళ్లే. చుక్కల భూముల సంగతి నీకు తెలిసే ఉంటుంది: బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములు, తరాలుగా సాగు చేసుకుంటున్నా అమ్ముకోలేక రాయలసీమలో ఎన్ని కుటుంబాలు తిరిగాయో. దాని మీద 2017లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. భూమి హక్కుల నమోదు కోసం ఆంధ్రలో తెచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టమైతే 2023లో అమల్లోకి వచ్చి 2024లో రద్దయింది, తెలంగాణలో భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. ఇంత వేగంగా మారుతున్న విషయం మీద, ఊళ్లో మనుషులు ఏ కాగితం పట్టుకుని ఏ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారో తెలిసిన అమ్మాయి పక్కన ఉంటే ఆ ప్రొఫెసర్ అదృష్టం. ఈ మాట ఆయనతో అనక్కర్లేదు, కానీ వెళ్లి మాట్లాడేటప్పుడు మనసులో పెట్టుకో, ఏదో దయతలచి ఇచ్చారన్నట్టు కూర్చోకు. మీ అనంతపురం ప్రాంతం ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి పాత రెవెన్యూ కాగితాల కోసం చెన్నై ఎగ్మూర్‌లోని ఆర్కైవ్స్ దాకా వెళ్లాల్సి రావచ్చు, అలా పంపిస్తే సంతోషంగా వెళ్లు, కాకపోతే ప్రయాణం ఖర్చు ఎవరిదో ముందే అడిగి వెళ్లు.

నాన్న మాట గురించి. ఆయన చెప్పింది తీసిపారేయొద్దు, రూల్ కూడా ఆయన వైపే ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం ఐదేళ్ల కోర్సు చదివేవాళ్లు మొత్తం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి, మూడేళ్ల కోర్సుకైతే 12 వారాలు. ఏ ఏడాదిలోనూ వరుసగా 4 వారాలకు మించకూడదు, కోర్సు మొత్తంలో ఒక్కసారైనా ట్రయల్ కోర్టు వకీలు దగ్గర, అప్పీలు కోర్టు వకీలు దగ్గర చేసి ఉండాలి. ఆ రూల్‌లో వకీళ్లు, కోర్టులు, ఎన్జీవోలు, కంపెనీలు, చట్టసభలు అని చాలా పేర్లున్నాయి కానీ సొంత కాలేజీ ప్రొఫెసర్ అని ఎక్కడా లేదు. యూనివర్సిటీ ఒప్పుకునే ‘ఇతర సంస్థల’ కింద మీ వాళ్లు లెక్కిస్తారా లేదా ఇంటర్న్‌షిప్ కమిటీని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకో. లెక్కించకపోతే ఈ పని మానుకోమని కాదు, ఆ 20 వారాలు వేరే ఎక్కడో పూడ్చుకోవాలని ముందే తెలుస్తుంది.

నిజానికి నీకు రెండూ కుదురుతాయి. కర్ణాటక హైకోర్టుకు ఏప్రిల్ చివర నుంచి మే చివరి దాకా వేసవి సెలవులుంటాయి, వెకేషన్ బెంచ్‌లు తప్ప ఏమీ నడవవు. ఆంధ్రలోనూ మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులుంటాయి. ఆ నెలలో వకీలు ఆఫీసులో చేరి మీ క్లాస్‌మేట్లు ఏం చూస్తారో నాకు అర్థం కాదు, పాత ఫైళ్ల దుమ్ము తప్ప. కాబట్టి మే నెల, జూన్ మొదటి వారం ప్రొఫెసర్ దగ్గర చెయ్యి, కోర్టులు తెరిచాక హిందూపురం వెళ్లి 4 వారాలు నాన్న చెప్పిన వకీలు వెనక తిరుగు, ట్రయల్ కోర్టు వాటా కూడా తీరిపోతుంది. మే నెలలో కాగితం మీద చదివిన అడంగల్ వివాదం జూన్‌లో సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేస్తుండగా కళ్ల ముందు కనపడుతుంది, ఆ అవకాశం బెంగళూరులో ఏ పెద్ద ఫర్మూ ఇవ్వదు. మీ కాలేజీ జూన్ మధ్యలోనే తెరిస్తే మాత్రం 4 వారాలు పట్టదు, అప్పుడు కోర్టు పని శీతాకాలం సెలవులకు జరుపుకో, కానీ నాన్నకు ఈ లెక్క మొత్తం వివరంగా చెప్పు, ఆయన కాదనరు.

లా ఫర్ముల గురించి ఎక్కువ బెంగపడకు. ఉద్యోగానికి లెక్కలోకి వచ్చేవి ఎక్కువగా నాలుగు, ఐదో సంవత్సరాల ఇంటర్న్‌షిప్‌లు. రెండో సంవత్సరంలో ఎక్కడికెళ్లావని అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ నీ రాత చూస్తారు.

డబ్బు విషయంలో మొహమాటపడకు. ‘ప్రయత్నిస్తాను’ అన్నదాన్ని సున్నా కింద లెక్కేసుకుని నీకు గిట్టుబాటవుతుందో లేదో చూసుకో. పేపర్ వెనక ఏదైనా గ్రాంటు ఉందా, ఉంటే అందులో విద్యార్థికి ఇచ్చే వీలుందా, కాలేజీ ఖాతా నుంచి ఎప్పుడు విడుదలవుతుంది అని అడుగు. అడిగితే ఏమనుకుంటారో అని నువ్వు భయపడతావు, నాకు తెలుసు, మన పిల్లలకు గురువుగారిని డబ్బు అడగడం అంటే నోరు రాదు. కానీ పీజీ ఆంటీ ఒకటో తారీకున అద్దె అడగడం మానదు కదా. డబ్బు రాదని తేలితే ఇంకో దారి ఉంది: మొదటి రెండు వారాలు బెంగళూరులో ఉండి పద్ధతి నేర్చుకుని, మిగతాది హిందూపురం నుంచి చేస్తాను, వారానికి ఒకసారి రైల్లో వచ్చి కలుస్తాను అని చెప్పు. అద్దె కొంత మిగులుతుంది. ఇంట్లో ఇబ్బందిగా ఉండి, పైసా రాని పని ఇన్ని వారాలు చేయడం అప్పుతో తప్ప కుదరదు అనుకుంటే చేయొద్దు. చదువు పేరుతో నిన్ను ఉచితంగా వాడుకోవడాన్ని నేను సమర్థించను, ఎంత గొప్ప ప్రొఫెసర్ అయినా సరే.

పేరు గురించి అడగొచ్చా అన్నావు. అడగొచ్చు, అదీ పని మొదలుపెట్టకముందే. మామూలుగా వెతకడం, సరిచూడడం, ఫుట్‌నోట్లు సర్దడం చేసినవాళ్లకు వ్యాసం మొదటి ఫుట్‌నోట్‌లో కృతజ్ఞతలు చెబుతారు, అది న్యాయమే. సహరచయితగా పేరు కావాలంటే వాదనలో నీ ఆలోచన, అచ్చులో నీ వాక్యాలు ఉండాలి. నువ్వు రాసిన పేజీలు పెద్దగా మార్పులు లేకుండా అచ్చులోకి వెళ్తే కృతజ్ఞతతో సరిపెట్టడం తప్పు. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ రాసినవాడికి ‘ఇది నేను రాశాను’ అని చెప్పుకునే హక్కు ఇస్తుంది, లా విద్యార్థినివి కాబట్టి ఆ సెక్షన్ ఒకసారి చదువుకో. సార్‌తో మాట్లాడేటప్పుడు దాన్ని తియ్యమని కాదు, నీ అడగడంలో అత్యాశ లేదని నీకు నమ్మకం కలగడానికి.

కొన్ని చోట్ల మాత్రం వెంటనే ఆగిపో. పేపర్ పని పక్కన పెట్టి సొంత పనులు, టికెట్లు, వాళ్ల పిల్లల ట్యూషన్లు అప్పజెప్పడం మొదలైతే, మూడు వారాలైనా నీ నోట్ మీద ఒక్క మాట చెప్పకపోతే, కాలేజీ ఆఫీసులోనో లైబ్రరీలోనో కాకుండా ఇంటికి రమ్మంటే, అర్ధరాత్రి పనికి సంబంధం లేని మెసేజ్‌లు వస్తే, సిఫారసు ఉత్తరం పోతుందేమో, మార్కులు పోతాయేమో అని భరించొద్దు. లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం కిందా, 2015 యూజీసీ నిబంధనల కిందా ప్రతి కాలేజీలో అంతర్గత కమిటీ ఉండాలి, సెలవుల్లో కూడా దానికి రాయొచ్చు. మీ సార్ అలాంటివారని నేను అనడం లేదు, ఎవరి దగ్గర పనిచేసినా నీకు ఇది తెలిసి ఉండాలి.

పని అయిపోయాక ఏమేం చేశావో ఒక పేజీ రాసి ఆయనకు మెయిల్ పెట్టు: ఏ ప్రశ్నల మీద నోట్లు ఇచ్చావు, ఏ జిల్లా రికార్డులు చూశావు, ఎన్ని ఫుట్‌నోట్లు సరిచూశావు. రెండేళ్ల తర్వాత ఎల్‌ఎల్‌ఎంకి (లాలో మాస్టర్స్ డిగ్రీకి) సిఫారసు లేఖ అడిగినప్పుడు ఆయనకు ఇవేవీ గుర్తుండవు, ఆ పేజీ ఉంటే ‘మంచి విద్యార్థిని’ అని ఊరికే నాలుగు లైన్లు రాసే బదులు నీ పని గురించి రాస్తారు. సుప్రీంకోర్టు జడ్జీల దగ్గర లా క్లర్క్ పోస్టులు కూడా మనసులో పెట్టుకో, 2024 నోటిఫికేషన్‌లో నెలకు 80,000 అని ఇచ్చారు, దాని పరీక్షలో కేసు ఫైలు చదివి సారాంశం రాయాలి, నువ్వు మే నెలంతా చేయబోయేది అలాంటి పనే.

ఇక మెయిల్. పొడుగ్గా వద్దు. ఇలా రాయి: ‘సార్, ఈ పని చేయడం నాకు ఇష్టం. మే 1 నుంచి జూన్ మొదటి వారం దాకా వారానికి ఇన్ని గంటలు ఇవ్వగలను, ఆ తర్వాత ట్రయల్ కోర్టు ఇంటర్న్‌షిప్ ఉంది. వారానికి ఒక నోట్ ఇస్తాను, దాన్ని మీరు చూసి సరిదిద్దగలరా? స్టైపెండ్ ఎంత, ఎప్పుడు వస్తుందో, పేపర్‌లో నా పనిని ఎలా పేర్కొంటారో ముందే తెలిస్తే ఇంట్లో చెప్పుకోగలను.’ ఈ నాలుగు ముక్కలకు మంచి ప్రొఫెసర్ ఎవరూ నొచ్చుకోరు. వారం రోజుల్లో జవాబు రాకపోతే ఆయన గదికి వెళ్లి ఒకసారి అడుగు, అప్పటికీ తేల్చకపోతే హిందూపురం వకీలు గారికి జూన్‌తో పాటు శీతాకాలం సెలవులకూ వస్తానని చెప్పేయ్.